పాటకత్తె చెయ్యి

మా అత్తని చిల్లంగి పెట్టి చంపారన్నది అబద్ధం. చేతబడిని మా సముద్రపు వైపు చిల్లంగి అంటారు. అత్త పోయిన దగ్గర్నుంచీ ఈ అబద్ధంతో కొట్లాడుతూనే ఉన్నాను. అది మాత్రం నాకంటే ఆరోగ్యంగా ఉంది.

మొన్న శ్రీకాకుళంలో శ్రీకూర్మం షేర్ ఆటో ఎక్కితే, అది నాకంటే ముందే ఎక్కి కూర్చుంది. ఎదురు సీట్లో ఒకావిడ, ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని, ఆటో మొత్తానికి మా అత్త కథ వినిపిస్తోంది. నేనెవరో ఆవిడకి తెలీదు.

"ఓలమ్మో, పాటకత్తంటే అదీ! ఒడ్డున పడ్డ పెతి సేపా దాని సేతి మీదే అమ్ముడవ్వాల. ఆ వలలల్లే ముసిలోడు కడుపుమంటతోటి సిల్లంగెట్టీసినాడు. మంచం మీద ఎగిరెగిరి సచ్చింది. సచ్చే ముందర సెయ్యెత్తి సూపించీసినాది కాదేటి, ఈడే, ఈడే అని!"

"మరాడినేటి సేసినారు?" అన్నాడు డ్రైవరు.

"ఏటి సేస్తారు? పళ్లు పీకీసినారు. పళ్లు నేపోతే మంత్రం పలకదు గదా."

బెండకాయకి తొడిమ తీసినంత తేలిగ్గా చెప్పింది. నేను ఊరుకునే మనిషిని కాదు.

"నువ్వు చూశావా?"

"నాను సూడనేదు గానీ, లోకమంతా..."

"నేను చూశాను. ఆ పాటకత్తె నాకు మేనత్త."

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. ఆవిడ మాత్రం ఏమీ జంకలేదు. సంచి సర్దుకుని ముందుకి వంగి, "అయితే నీకే తెలాల గదమ్మా. సూపించినాదా, నేదా?" అంది.

విజయనగరంలో ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నదాన్ని. ప్రోటీన్ ఎలా మడతపడుతుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆ ఆడమనిషి అడిగినదానికి మాత్రం పర్సు తీసి ఆటో చార్జీ లెక్కపెట్టుకున్నాను.

అత్త మంచిదని చెప్పను. పోయినవాళ్లందరినీ దేవతల్ని చేసే అలవాటు నాకు లేదు. చేసినా ఆవిడే లేచొచ్చి చెంప పగలగొడుతుంది.

పాటకత్తె అంటే పాటలు పాడేది అనుకునేరు. వేలం పాట. పడవలు రాగానే చేపలు ఇసక మీద కుప్పలు పోస్తారు. గంపల ఆడవాళ్లూ, ఐసు పెట్టెల మోటారు సైకిళ్ల వాళ్లూ చుట్టూ మూగుతారు. మధ్యలో మా అత్త. మోకాళ్ల పైకి బిగించిన చీర, నోట్లో అడ్డపొగ. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా పేటలో ముసలమ్మలందరికీ అదే అలవాటు. నోట్లో నిప్పు ఉండగానే ధర పెంచేది. పొగ ముక్కులోంచి, బూతులు పెదవి మూలలోంచి వచ్చేవి. ధర ఇంక పెరగదనుకున్నాక, చిటికెన వేలూ ఉంగరం వేలూ అరచేతిలోకి మడిచి, మిగతా చెయ్యి బల్లెంలా విసిరేది. ఆ చెయ్యి ఎవరి మీద పడితే కుప్ప వాళ్లది. రాతా లేదు, రసీదూ లేదు.

"సెయ్యి సెప్పినాక నోరు ముయ్యాల." ఇదీ ఆవిడ శాస్త్రం.

ఒడ్డు మీద మొదలైన ఈ శాస్త్రం మెల్లగా పేటలోకి పాకింది. అన్నదమ్ములు పడవ పంచుకోలేకపోతే అత్త దగ్గరికి వచ్చేవారు. ఇద్దరి మాటా వినేది, చెయ్యి విసిరేది, ఒకడు పడవ తీసుకుని పోయేవాడు, రెండోవాడు ఏడుస్తూ పోయేవాడు. తిరిగి ఎవడూ అడిగేవాడు కాదు. పిల్ల తప్పిపోతే ఏ దిక్కున వెతకాలో కూడా అత్త చెయ్యే చెప్పాలి. ఒకసారి నిజంగానే దొరికిందట కూడా. ఒక పేట మొత్తం ఒక ఆడదాని చెయ్యి ఎటు లేస్తే అటు చూడ్డం నేర్చుకుంది. ఇది గుర్తుంచుకోండి. అసలు తప్పంతా ఇక్కడ ఉంది.

ఇక కొట్టడం. గుమ్మం పక్కన మేకుకి ఎండిన టేకు చేప తోక వేలాడుతూ ఉండేది. ముళ్ల కొరడా లాంటిది. మావ తాగొచ్చి ఆవిడ మీద చెయ్యెత్తిన మొదటి రోజే దాంతో వీపు చీరేసిందట. రెండో రోజు అవసరం రాలేదు. గోల చేసే బేరగాడి నెత్తి మీద గంప బోర్లించేది. ఎవరినైనా కొట్టాక ఇసకతో చేతులు తోముకుని, వేళ్లు వాసన చూసుకుని, మళ్లీ పాట అందుకునేది.

నన్ను ఒక్కసారి కొట్టింది. డిగ్రీ చదువుతున్నాను, సెలవులకి వెళ్లాను. ఒడ్డున అందరి ముందూ, "వేలమంటే ఎక్కువ పాడినవాళ్లకి ఇవ్వాలి అత్తా, నీకు నచ్చినవాళ్లకి కాదు" అన్నాను. దెబ్బకి సముద్రం నా చెవిలోకి వచ్చేసింది. సాయంత్రం తనే నెత్తళ్లు వేయించి పళ్లెం నా ముందుకి తోసింది.

"తినే కోడలా. నీ మాట రైటే. ఒడ్డు మీద అనకూడదు."

"మరి ఎక్కడ అనాలి?"

"ఎక్కడా అనకూడదు."

అదే మాట ఒడ్డు మీద అన్నవాడు మా పేటలో ఇంకొక్కడే ఉన్నాడు. పేట చివర వలలు అల్లే ముసలాయన. పిల్లలు దడుచుకుంటే తాడు మంత్రించి కట్టేవాడు. మేమంతా తాత అనేవాళ్లం, వరసేమీ లేకపోయినా. ఒకనాడు కోనాం చేపల కుప్ప తన కూతురి కోసం పాడాడు. పోటీకి వచ్చిన బేరగాడు అతనికంటే ఎక్కువేమీ పాడలేదు. అత్త చెయ్యి మాత్రం బేరగాడి మీద పడింది.

తాత కదల్లేదు. "నీ కళ్లు నా మీదున్నాయి పాటకత్తా. సెయ్యి ఆడి మీదేసినావు. నీ సెయ్యి అబద్ధమాడతన్నాది" అన్నాడు.

అత్త నోట్లోంచి చుట్ట తీసి, పక్కనున్నదాని చేతికిచ్చి, పిడికిలితో కొట్టింది. చెంప మీద కాదు, నోటి మీద. తాత ఇసకలో కూలబడి, రక్తంతో పాటు ఒక ముందు పన్ను ఉమ్మాడు. అత్త ఆ పన్ను వైపు చూసింది. చేతులు ఇసకతో తోముకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. కానీ అత్త పాట పాడేటప్పుడు తాత ఒడ్డున ఉంటే, అటువైపు ఒక్కసారి కూడా చెయ్యి విసరలేదు. అతను పాడినా అంతే.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి వేసవిలో మా బావ, అంటే అత్త కొడుకు, ఫోను చేశాడు. "ఒసే, అమ్మ మూతి కాల్సుకుందే."

పొద్దున్నే చుట్ట ముట్టించుకుని, నిప్పు వైపు నోట్లో పెట్టుకోబోయి, నోరు దొరక్క చెంప మీద పెట్టుకుందట. కాలుతున్నా తియ్యలేదట. ఆరు పదుల అలవాటు. ఆ నోరు ఎక్కడుందో ఆ చేతికి తెలియకుండా పోయింది. తర్వాత ఇసకలో తూలడం, గోడలు వంగుతున్నాయని కేకలు, కొడుకుని "ఎవుడ్రా నువ్వు" అని టేకు తోకతో తరమడం. ఒకనాడు పాటలో నిలబడి, ధర ఎంతన్నదో మర్చిపోయి, ఏడ్చింది. అత్త ఏడవడం పేట ఎప్పుడూ చూళ్లేదు. ఆ మధ్యాహ్నమే చిల్లంగి మాట పుట్టింది.

వారాల్లో మంచాన పడింది. అప్పుడు మొదలైంది ఎగురుడు. గిన్నె పడితే చెయ్యి ఎగిరేది. కుక్క మొరిగితే కాలు ఎగిరేది. దగ్గితే ఒళ్లంతా. నేను కొట్లాడి విశాఖపట్నం తీసుకెళ్లాను. స్కానింగులు చేశారు, తలకి తీగలు పెట్టి గీతలు తీశారు. నరాల డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. రెండు జర్మన్ పేర్లు అతికించిన జబ్బు పేరు చెప్పాడు.

"ప్రియాన్ అనే ప్రోటీన్ మేడమ్. ఆవుకీ, గొర్రెకీ, మనకీ, పాలిచ్చే జీవులన్నిటి మెదడులోనూ ఉండేదే. మామూలుగా ఏ హానీ చెయ్యదు. ఒకటి తప్పుగా మడత పడుతుంది. అది పక్కదాన్ని తాకితే అదీ అలాగే వంకర తిరుగుతుంది. అది ఇంకోదాన్ని. మెదడు తూట్లు పడిపోతుంది."

"క్రిమి కాదా?"

"కాదు."

"వంశంలో వచ్చేదా?"

"ఈవిడకి కాదనే అనుకుంటున్నాం. దానంతట అదే వంగుతుంది. ఎందుకో మాకూ తెలీదు."

"మందు?"

తల అడ్డంగా ఊపాడు. నిజం చెప్పినందుకు అతన్ని గౌరవిస్తాను. అలాంటివాళ్లు తక్కువ.

ఇంటికి తెచ్చాక ఇదంతా బావకి అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. బావ పడవ ఇంజను బాగుచేస్తూ విన్నాడు.

"దానంతట అదే ఒంగుద్దేటే? ఎవులూ ఒంచకుండా?"

"అవును."

"ఇనప కడ్డీ ఒంగదు, తాటి మట్ట ఒంగదు. ఎవుడో ఒంచాల. మీ డాట్రుకి ఎవుడో తెలీదు, అంతే."

"గొర్రెలకి కూడా ఇలాంటిదే వస్తుంది బావా. ఒళ్లు రాపిడి పెట్టుకుని పెట్టుకుని చస్తాయి. గొర్రెకి చిల్లంగి ఎవడు పెట్టాడు?"

బావ పట్టకారు కింద పెట్టి నన్ను చూశాడు. "గొర్రికి శత్రువులుండరే. మాయమ్మకి పేటంతా ఉన్నారు."

వాదనలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. ఆరోజు బావ ఓడించాడు. ఎవరూ చెయ్యకుండానే ఇంత ఘోరం జరుగుతుందని ఒప్పుకోవడం కంటే, ఎవడో చేశాడని నమ్మడం అతనికి తేలిక. తల్లి మీద ప్రేమ ఉన్నవాడు ఎవడో ఒకణ్ణి తన్నాలి. ప్రియాన్‌ని తన్నలేడు కదా.

అది జరిగిన రోజు మధ్యాహ్నం ఉక్కగా ఉంది. గాలి కోసం మంచం అరుగు మీదికి లాగాం. అప్పటికి అత్తకి చూపు పోయింది, మాట పోయింది. కళ్లు తెరిచే ఉండేవి, వాటిలో ఎవరూ లేరు. చూడ్డానికి వచ్చిన జనం, గంపల ఆడవాళ్లూ, పడవల వాళ్లూ, అరుగు చుట్టూ ఉన్నారు. ఎవరు గట్టిగా మాట్లాడినా ఆవిడ చేతులు ఎగురుతున్నాయి, వేళ్లు విచ్చుకుని, ఎటు పడితే అటు.

తాత వచ్చాడు. చేతిలో తాటాకు బుట్ట, అందులో ఒక చందువ చేప. జావలో ఉడికించి తాగిస్తారని తెచ్చాడు. ఏళ్ల తర్వాత ఆ గుమ్మం ముందుకి. జనం దారి ఇచ్చారు, కానీ ఇష్టంగా కాదు. అతను మెట్టు మీద నిలబడి, గొంతు సవరించుకుని అన్నాడు:

"పాటకత్తా, నానొచ్చినాను."

అత్త చెయ్యి లేచింది.

నేను మంచం పక్కనే ఉన్నాను. చెబుతున్నాను, చూశాను. చిటికెన వేలూ ఉంగరం వేలూ అరచేతిలోకి మడతపడ్డాయి. మిగతా చెయ్యి నిటారుగా, బల్లెంలా, తాత గుండె మీదికి పోయింది. నిలిచింది. తర్వాత మంచం పట్టె మీద పడింది.

అప్పుడు గంపల ఆడవాళ్లలోంచి ఎవరో అన్నారు:

"సెయ్యి సెప్పినాది."

అంతే. మొదటి తన్ను బావది. బుట్ట ఎగిరిపడింది, చందువ మట్టిలో పొర్లింది. తర్వాత ఎవరిది ఏ తన్నో చెప్పలేను. తెడ్లు వచ్చాయి. అత్త చేతి మీద నలభై ఏళ్లు బతికిన ఆడవాళ్లు తాత కాళ్లు పట్టుకున్నారు, ఆయన కదలకుండా. నేను అడ్డం పడ్డాను. "అది జబ్బు! అది అందరికీ ఎగురుతుంది! చూడండి, నాకూ ఎగురుతుంది!" అని అరిచి చప్పట్లు కొట్టాను, ఆవిడ చెయ్యి ఎగరాలని. నా చప్పట్లు ఆ గోలలో ఎవరికి వినిపిస్తాయి? తెడ్డు ఒకటి నా మెడ దగ్గర ఎముక విరగ్గొట్టింది. కింద పడి అక్కడి నుంచే చూశాను.

తాత అరుస్తున్నాడు. "పాటకత్తా! సెప్పే! కాదని సెప్పే!"

ఆ అరుపు ఆవిడ చెవిన పడ్డ ప్రతిసారీ ఆవిడ చెయ్యి ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ జనం "అదిగో, అదిగో!" అన్నారు. తన గొంతే తన మీద సాక్ష్యం చెబుతోందని ఆయనకి తెలీదు. ప్రాణభయంతో ఇంకా గట్టిగా అరిచాడు. ఆ చెయ్యి ఇంకా గట్టిగా ఎగిరింది. నోరు మూసుకో తాతా, మూసుకో అని నేను నేల మీద నుంచి గొణుగుతున్నాను. చివరికి వాళ్లే మూయించారు. నోరు తెరిచి పట్టుకున్నారు. ఇంజను పెట్టెలోని పట్టకారు బావ చేతిలో ఉంది. ఒక్కొక్కటే లాగారు. పన్ను ఊడేటప్పుడు వచ్చే చప్పుడు తడి కర్ర విరిచినట్టు ఉంటుంది. అది తెలుసుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. మంత్రం మళ్లీ తిరిగి రాకూడదని ఆ పళ్లని ఎవరో పరుగున పోయి సముద్రంలో విసిరారు.

అత్త అప్పటికీ ఎగురుతూనే ఉంది. కాని గమనించాను, ఆ తర్వాత వేళ్లు విచ్చుకునే ఉన్నాయి. మొదటిసారి మాత్రమే మడిచింది.

వంకర ప్రోటీన్ పక్కదాన్ని తాకి వంకర చేస్తుందని డాక్టరు చెప్పాడు కదా, ఆ జనం కూడా అంతే అని మా కాలేజీలో ఒకాయన నాతో అన్నాడు. చాలా అందమైన పోలిక అనుకున్నాడు పాపం. నేను ఒప్పుకోను. ప్రోటీన్‌కి వద్దు అనే నోరు లేదు. వీళ్లకి ఉంది. మనుషుల్ని ప్రోటీన్లంటే వాళ్లని వదిలేసినట్టే.

పోలీసులు వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, "ఎవులూ కొట్టనేదు బాబూ, పడవ తగిలినాది" అంది పేట. నేను పేర్లు చెప్పాను. మొదటి పేరు బావదే. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. బావ నాతో మాట్లాడ్డు. కొద్ది రోజులకే అత్త పోయింది. చిల్లంగి పెట్టినవాడి పళ్లు పీకాక కూడా ఎందుకు పోయిందని అడిగాను. "పీకడం ఆలీసమైపోయినాది" అన్నారు. చూశారా, ఆ అబద్ధానికి అన్నిటికీ జవాబు ఉంటుంది.

డాక్టరుకి ఫోను చేశాను. చూపు లేని మనిషి సరిగ్గా అతని మీదికే ఎలా విసిరిందని అడిగాను.

"శబ్దం వచ్చిన వైపు ఎగిరి ఉంటుంది మేడమ్. యాదృచ్ఛికం."

"రెండు వేళ్లు మడిచింది."

"చేతికి పాత అలవాటు ఉండొచ్చు. ఆ దశలో లోపల మనిషి ఉండరు."

"లోపల ఎవరూ లేకపోతే వేళ్లు ఎవరు మడిచారు డాక్టరు గారూ?"

"తెలీదు మేడమ్" అన్నాడు. మళ్లీ నిజమే చెప్పాడు.

తాత బతికాడు. పేటలో ఉండనివ్వలేదు. శ్రీకూర్మంలో గుడి వీధిలో కూతురి పూల కొట్టు దగ్గర ఉంటున్నాడు. నేను ఆ ఆటో ఎక్కింది అక్కడికే. వలలు అల్లిన వేళ్లతో చామంతులు గుచ్చుతున్నాడు. నోరు లోపలికి పీక్కుపోయింది. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడ్డం కష్టం.

"కూకోయే గుంటా. ఆ మొదటి పన్ను మీ అత్తది. మిగిల్నయ్యి పేటయ్యి." లెక్క తేల్చినట్టు చెప్పాడు. కోపం కూడా లేదు.

"తాతా, ఆరోజు ఆవిడ కళ్లు నీ మీద ఉన్నాయా?"

"కళ్లల్ల ఏటీ నేదమ్మా. ఖాళీ గంపలు." దారం ముడి వేశాడు. "కానీ సెయ్యి నా మీదే ఏసినాది. ఎన్ని పాటలు పాడినాను నాను ఆ ఒడ్డు మీద! ఒక్క కుప్ప నాకియ్యనేదు. ఆకర్ని నాకే కొట్టీసినాది పాట."

"జబ్బు తాతా అది."

"జబ్బే. నాను కాదన్నానేటి?" పళ్లు లేని నోటితో ఆ మాట గాలిలా వచ్చింది. "నీకేటి కావాలి మరి?"

మూర చామంతులు కొనుక్కుని లేచాను.

అత్తా, ఇన్నేళ్లుగా నీ తరఫున పేటతో కొట్లాడుతున్నాను. నువ్వు చూపించలేదని, నీలో నువ్వు లేవని, అది మడత తప్పిన ప్రోటీన్ అని. ఎముక విరిగినా అదే చెప్పాను, కోర్టులోనూ అదే చెబుతాను. ఒక్కటి చెప్పు. ఒడ్డు మీద కాదులే, నా ఒక్కదానికే చెప్పు. అతని గొంతు విన్నాక ఆ రెండు వేళ్లూ మడిచింది జబ్బా, నువ్వా?